లాంచీకి తీగ మార్చిన ఆదివారం

నాకు ఈత రాదు. మాది రొంపిచెర్ల దగ్గర మెట్ట పల్లె. మా ఊళ్లో నీళ్లంటే బావిలో చేదకు అందేవి, వానాకాలంలో వాగున మోకాలి దాకా పారేవి. అలాంటి నన్ను కృష్ణలో లాంచీ బాగుచేయడానికి తీసుకుపోయారంటే, ఆ రోజు వాళ్లకు ఇంకెవరూ దొరకలేదన్నమాట.

డ్యాం పని జోరుగా సాగుతున్న రోజులవి. నేను మాచర్లలో ఒక లారీల షెడ్డులో మెకానిక్కుగా ఉండేవాణ్ని. పని నేర్చింది నరసరావుపేటలో, ఒక సాయిబుగారి దగ్గర. ఆయన్ని అందరూ ఉస్తాదు అనేవాళ్లు. ఎనిమిదేళ్లు ఆయన చేతికింద పనిచేసి, చెయ్యి తిరిగాక మాచర్ల వచ్చాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. స్టీరింగు పనంటే డ్రైవర్లు నా పేరే చెప్పేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినవాడిలాగే నడిచేవాణ్ని కూడా.

శ్రావణమాసంలో ఒక ఆదివారం. ఆరాధన ముగిసి చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే జీపు వచ్చి ఆగింది. దిగినాయన డ్యాం దగ్గర ఒక కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరు. వాళ్ల లారీలు మా షెడ్డుకే వచ్చేవి.

"స్టీరింగు తెగింది, ఎక్కు," అన్నాడు.

"ఏ లారీకండీ?"

"లారీ కాదు. లాంచీ."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నా పక్కనున్న నా భార్య చొక్కా వంక చూసింది. పండక్కి కుట్టించిన తెల్ల చొక్కా అది.

"ఇంటికెళ్లి మార్చుకుని పో. నీళ్ల కాడికి అంటున్నారు, నీకు ఈత రాదు గదయ్యా," అంది.

"ఒడ్డు మీదే పని," అన్నాడు సూపర్‌వైజరు. చొక్కా మార్చుకునే వ్యవధి ఇవ్వలేదు. షెడ్డు దగ్గర ఆపి పనిముట్ల పెట్టె మాత్రం తెచ్చుకోనిచ్చాడు.

దారిలో సంగతి చెప్పాడు. డ్యాంకు ఎగువన రెండు మైళ్ల దూరంలో నది నడుమ ఒక ఇసుక దిబ్బ ఉంది. అక్కడ డెబ్బై మంది దాకా పాలమూరు కూలీలు గుడిసెలు వేసుకుని ఇసుక తవ్వుతున్నారు. ఆడవాళ్లు, పిల్లలు, అందరూ అక్కడే. వాళ్లను దాటించేది ఈ లాంచీ ఒక్కటే. రెండు రోజుల కింద దాని స్టీరింగు తీగ తెగింది. తీరిగ్గా బాగుచేయించవచ్చని ఊరుకున్నారు. ఇంతలో ఎగువన వానలు పడి, సోమవారానికి దిబ్బ మునుగుతుందని వైర్‌లెస్‌లో కబురొచ్చింది. తెల్లవారాక ఇంకో కబురొచ్చింది, సోమవారం కాదు, ఈ సాయంత్రానికేనని.

"పుట్టి పడవలు వేసేవాళ్లు లేరా?" అని అడిగాను.

"ఈ వడిలో పుట్టి వెయ్యం అన్నారు. బతిమాలాను, రాలా."

రేవులో దిగేసరికి పదకొండు దాటింది. నది ఎర్రగా, బురద గోడలా కదులుతోంది. దూరంగా దిబ్బ కనిపించింది. దాని మీద మనుషులు చీమల్లా ఉన్నారు. ఎవరో ఎర్ర గుడ్డ ఊపుతున్నారు. ఊపడం ఆపడం లేదు.

లాంచీ పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. లాంచీ నడిపే సరంగు ఆయనే. దివిసీమ మనిషి. ముప్పై ఏళ్లు కాలవల మీదా నది మీదా లాంచీలు నడిపినవాడు. పొట్టిగా, ఎండిన తాటిమట్టలా ఉన్నాడు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి దానివైపే చూస్తున్నాడు. నేను చూస్తుండగానే పుల్ల దగ్గర నీళ్లు రెండు వేళ్లు ఎక్కాయి. ఆయన ఇంకో పుల్ల తీసి పైన గుచ్చాడు.

"లాంచీ ఎప్పుడన్నా చూశావా అబ్బాయ్?" అన్నాడు.

"స్టీరింగు ఏదైనా స్టీరింగే గదా బాబాయ్," అన్నాను.

ఆయన నా చొక్కాను ఒకసారి చూశాడు. లోపలికి తీసుకుపోయి చూపించాడు. సరంగు గదిలో నా ఛాతీ ఎత్తున చెక్క చక్రం. చక్రం ఇరుసుకు ఒక ఇనప డ్రమ్ము. డ్రమ్ము మీద తీగతాడు నాలుగైదు చుట్లు చుట్టుకుని, రెండు కొసలూ లాంచీ రెండు పక్కలా కప్పీల మీదుగా వెనక్కి పోయి, చుక్కాని తలకు బిగిసి ఉంటాయి. చక్రం తిప్పితే డ్రమ్ము ఒక కొసను లాక్కుని రెండో కొసను వదులుతుంది, చుక్కాని తిరుగుతుంది. అంతే యంత్రం. లారీ గేరుబాక్సులు విప్పి బిగించేవాడికి ఇది ఆటబొమ్మలా కనిపించింది.

"లారీ ముక్కు తిప్పుతుంది. లాంచీ తోక తిప్పుతుంది. అది మనసులో పెట్టుకుని చెయ్యి," అన్నాడు సరంగు. "డ్రమ్ము మీద పాత చుట్టు అట్టాగే ఉంచాను, చూసుకోడానికి. అది చూసి, అట్టాగే కొత్తది చుట్టు."

తీగ తెగినా చక్రాన్ని కదపకుండా రెండు రోజులు కాపాడాడాయన.

అప్పుడే సూపర్‌వైజరు క్రేన్ల స్టోరు నుంచి కొత్త తీగ చుట్ట మోయించుకుని వచ్చి, "ఎంతసేపు, ఎంతసేపు?" అని నా నెత్తి మీద నిలబడ్డాడు. సరంగు డీజిలు తెచ్చుకోవడానికి గట్టెక్కాడు. ఇంజను చూసే మనిషి పెళ్లికని శావల్యాపురం వెళ్లి రాలేదట, ఆ పనీ ఆయన మీదే పడింది. నేను పాత తీగ క్లాంపులు విప్పబోయాను. తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. సుత్తీ ఉలీ తీసుకుని నాలుగు దెబ్బల్లో చుట్లన్నీ తెగ్గొట్టి, ముక్కలు కిటికీలోంచి నీళ్లలోకి గిరాటేశాను. వేశాక గుర్తొచ్చింది, చుట్టు పైనుంచి మొదలైందో కిందనుంచి మొదలైందో చూడలేదని.

కిటికీలోంచి తొంగి చూశాను. నీళ్లు తప్ప ఏమీ లేవు.

ఎలాగైతేనేం, ఉన్నది ఒక తీగ, ఒక డ్రమ్ము, ఆలోచిస్తే దానంతట అదే తెలుస్తుంది అనుకున్నాను. లారీని తలుచుకుని లెక్క కట్టాను. చక్రం కుడికి తిరిగితే ఈ కొస లాగుతుంది, అది లాగితే వెనక చుక్కాని ఇటు పోతుంది. లెక్క సరిగ్గానే కుదిరినట్టనిపించింది. చుట్టేశాను.

సరంగు డీజిలు డబ్బా దించి, "పాత చుట్టు చూసుకున్నావా?" అన్నాడు.

"చూశాను," అన్నాను.

ఆ ఒక్క మాట గురించే ఇదంతా రాస్తున్నాను.

ఎడమ పక్క కప్పీ ఒకటి తిరగకుండా పట్టేసింది. దాన్ని కిరసనాయిలు పోసి వదులు చేసేసరికి గంట పట్టింది. తీగ బిరుసుగా ఉంది, అరచేతులు రెండూ చీరుకుపోయాయి. మధ్యలో తల ఎత్తితే సరంగు గుచ్చిన పుల్లలు వరసగా మునిగిపోయి కనిపించేవి. దిబ్బ మీద గుడిసెలు కొన్ని అప్పుడే నీళ్లలో నిలబడ్డాయి. జనమంతా ఎగువ కొసన ఒక్కచోట గుమిగూడారు.

రెండున్నరకు తీగ బిగించాను. సరంగు చక్రం దగ్గర నిలబడి అటూ ఇటూ తిప్పాడు. నేను వెనక బల్లల కింద బోర్లా పడుకుని చుక్కాని తల వంక చూశాను. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎక్కడా పట్టకుండా తిరిగింది.

"తిరుగుతుందా?" అని కేకేశాడు.

"వెన్నలా తిరుగుతుంది," అన్నాను.

తిరుగుతుందా అనే చూశాను. ఎటు తిరుగుతుందో చూడలేదు.

"ఇంజను కాడ ఎవరుంటారు?" అన్నాడు సూపర్‌వైజరు. ఇద్దరూ నా వంక చూశారు. ఒడ్డు మీదే పని అన్న మాట ఆయనకు గుర్తు లేదు, నేనూ గుర్తు చేయలేదు. సరంగు గంట సంజ్ఞలు చెప్పాడు. ఒక గంట కొడితే ముందుకు, రెండు కొడితే ఆపు, మూడు కొడితే వెనక్కి. ఇంజను లాంచీ నడుమ గుంటలో ఉంటుంది. అందులో దిగితే ఆకాశం తప్ప ఏమీ కనిపించదు.

హ్యాండిల్ తిప్పి ఇంజను లేపాను. కట్లు విప్పారు. ఒక గంట మోగింది. గేరు వేశాను. లాంచీ ముక్కు ఎగువకు ఉంది, ఒడ్డు మాకు ఎడమ పక్క. నది నడుమకు పోవాలంటే కుడికి తిరగాలి. నాలుగు బారలు పోయామో లేదో, ఎడమ పక్క అడుగున బండరాయి గీసుకున్న చప్పుడు నా కాళ్ల కింద వినిపించింది. ఒడ్డు మీద కేకలు. గంట రెండుసార్లు, వెంటనే మూడుసార్లు మోగింది. గేరు మార్చాను. లాంచీ వణికింది, వెనక్కి జరిగింది. మళ్లీ రెండు గంటలు.

గుంట అంచున సరంగు మొహం కనిపించింది. కోపం లేదు ఆ మొహంలో. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

"తిరగేసి చుట్టావు," అన్నాడు. "నేను కుడికి తిప్పుతుంటే అది ఎడమకు పోతుంది. పాత చుట్టు చూశానన్నావే."

"చూళ్లేదు బాబాయ్."

ఆయన దిబ్బ వంక చూశాడు. "విప్పి మళ్లీ చుట్టడానికి ఎంతసేపు?"

"గంటన్నర."

నేను గుంటలోంచి పైకి లేచి చూశాను. లాంచీ ఆగలేదు. ముక్కు ఎగువకే ఉన్నా మమ్మల్ని ప్రవాహం వెనక్కి ఈడుస్తోంది. రేవు అప్పుడే దూరమైంది. కింద రెండు మైళ్లలో డ్యాం కట్టుబడి, నదినంతా ఒక పక్క సందులోంచి పంపిస్తున్నారు. ఆ సందు మోత ఇక్కడికే వినపడుతోంది. ఇటు చూస్తే, దిబ్బ మీద మనుషుల కాళ్లు కనపడటం లేదు. నీళ్లలో నిలబడి ఉన్నారు.

"గంటన్నర లేదు," అన్నాడు సరంగు. "ఇంజను నువ్వు చూసుకో."

ఆయన చేసిన పని తర్వాత గుంటలోంచి తల పైకెత్తి కళ్లారా చూశాను. ఖాళీ కిరసనాయిలు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. చక్రాన్ని పైభాగాన పట్టుకోవడం మానేసి అడుగువైపు పిడులు పట్టుకున్నాడు. అడుగున పట్టుకుని కుడికి లాగితే చక్రం ఎడమకు తిరుగుతుంది, తిరగేసి చుట్టిన తీగ వల్ల లాంచీ కుడికి పోతుంది. అంటే చెయ్యి పోయినవైపే లాంచీ పోతుంది. నాకు పగలంతా తట్టని లెక్క ఆయనకు ప్రవాహంలో కొట్టుకుపోతూ అరనిమిషంలో తట్టింది. కానీ ముప్పై ఏళ్ల అలవాటు చేతుల్లో ఉంది. ప్రతి తిప్పుకూ ఆయన ముందు ఆగి, పెదాలు కదిపి, అప్పుడు లాగేవాడు.

ఒక గంట మోగింది.

దిబ్బకు చేరడానికి అరగంట పట్టింది. లాంచీ ముక్కు ఇసుకలో దిగబడగానే జనం మీద పడబోయారు. ఒకావిడ అడ్డం నిలబడింది. నెరిసిన జుట్టు, చేతికి వెండి కడియాలు. ఆ గుంపుకు పెద్ద ఆవిడే.

"పోరలు, పిల్లల తల్లులు ముందు. మొగోళ్లు ఆగుండ్రి," అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. నలభై మందిని ఎక్కించాం. మొదటి విడత ఏ ఆటంకం లేకుండా గడిచింది. రేవులో పిల్లలను దించుతుంటే సూపర్‌వైజరు ఒక్కొక్కరినీ చేయిపట్టి లాగుతూ లెక్కపెట్టాడు. సరంగు డబ్బా మీంచి లేవలేదు. ఆయన బనీను నీళ్లలో ముంచి తీసినట్టుంది.

"సూపర్‌వైజరుగారికి చెబుదామా బాబాయ్?" అన్నాను మెల్లగా.

"చెబితే ఆపుతాడు. అక్కడ ఇంకా ముప్పై మంది ఉన్నారు. ఇంజను లేపు."

రెండో విడతకు దిబ్బ లేదు. నడుం లోతు నీళ్లలో మనుషులు ఒకరినొకరు పట్టుకుని వరసగా నిలబడ్డారు. తాడు విసిరి ఒక్కొక్కరినీ పైకి లాగాం. నెరిసిన జుట్టావిడ చివర ఎక్కింది. నేరుగా పోయి సరంగు గది గుమ్మంలో కూర్చుంది.

తిరుగు దారిలో నది నడుమ ఉండగా ఎగువనుంచి ఒక చెట్టు మాను కొట్టుకొచ్చింది. నేను గుంటలో ఉన్నాను, చూడలేదు. జనం అరుపు విన్నాను. అప్పుడేం జరిగిందో సరంగు తర్వాత చెప్పాడు. మాను కళ్లపడగానే ఆయన లేచి నిలబడ్డాడు. నిలబడగానే చేతులు చక్రం పైభాగానికి పోయాయి. తప్పుకోబోయి దానికే ఎదురు తిప్పాడు. మళ్లీ తెలివి తెచ్చుకుని ఇటు లాగేలోపే మాను వెనక పక్కను గుద్దింది.

ఇంజను పక్కన ఒక బల్ల చీలింది. నీళ్లు బొంగులోంచి చిమ్మినట్టు లోపలికి వచ్చాయి. మోకాళ్ల కింద చల్లగా తగిలాయి. పైకి ఎక్కి పారిపోవాలనిపించింది. ఎక్కితే ఎక్కడికి పోతాను. చొక్కా విప్పి ఉండ చుట్టి చీలికలో కుక్కి, దాని మీద వీపు ఆనించి కాళ్లు ఇంజను దిమ్మకు తన్నిపట్టి కూర్చున్నాను. వేడికి అరికాళ్లు బొబ్బలెక్కుతున్నాయని తెలుస్తూనే ఉంది. నీళ్లు ఆగలేదు, కానీ తగ్గాయి. ఒక కన్ను ఫ్లైవీలు మీద పెట్టుకున్నాను. నీళ్లు దానికి అందితే ఇంజను ఆగిపోతుంది. ఫ్లైవీలుకు జానెడు కింద ఉన్నాయి. తర్వాత బెత్తెడు. రెండు వేళ్లు. నోట్లో ప్రార్థన మొదలైంది గానీ రెండో మాట గుర్తురాలేదు. మొదటి మాటే అంటూ ఉన్నాను.

రెండు గంటలు మోగాయి. లాంచీ ఒడ్డుకు తగిలింది.

ఎవరూ పోలేదు. ఒకరి మూటలు, రెండు మేకలు పోయాయి. జనం దిగి గట్టెక్కాక సూపర్‌వైజరు లాంచీలోకి వచ్చాడు. మాను గుద్దడం ఆయన ఒడ్డు మీంచి చూశాడు.

"అంత మాను వస్తుంటే కనపళ్లేదా?" అన్నాడు సరంగుతో, అందరి ముందూ. "పైగా దానికే ఎదురు తిప్పావు. కళ్లు కనపడకపోతే ఇంటికాడ కూర్చోరాదా. ముప్పై మందిని ముంచేవాడివి గదా." తర్వాత నా వంక తిరిగి, "నువ్వు లేకపోతే లాంచీ మునిగేది," అని భుజం తట్టాడు.

సరంగు తువ్వాలు పిండుకుంటున్నాడు. తల ఎత్తలేదు. నేను నోరు తెరవలేదు.

సాయంత్రం ఇంటికి చేరాక నా భార్య అరికాళ్లకు వెన్న రాస్తూ చొక్కా ఏదని అడిగింది. జరిగింది చెప్పాను. మొత్తం విని, "మరి ఆయన్ని తిడుతుంటే నువ్వేం చేస్తున్నావు?" అంది.

"నిలబడ్డాను."

ఆమె వెన్న గిన్నె తీసుకుని లేచింది. ఇంకో మాట అంటే బాగుండేది.

సోమవారం కుంటుకుంటూ వెళ్లి సూపర్‌వైజరుకు చెప్పేశాను. పాత తీగ చూడకుండా కోసింది, చూశానని చెప్పింది, తిరగేసి చుట్టింది, అన్నీ. చెబుతున్నకొద్దీ ఛాతీ మీంచి బండ దిగినట్టుంది. ఆయన మొహం మాత్రం మారుతూ వచ్చింది.

"తిరగబడిందని సరంగుకు ఎప్పుడు తెలిసింది?"

"రేవు వదలగానే."

"అంటే తెలిసే జనాన్ని ఎక్కించాడా? నాకు ఒక్క మాట చెప్పకుండా?"

ఆ మాట ఎటు పోతోందో అప్పుడు అర్థమైంది. అప్పటికి ఆలస్యమైంది. "వేరే దారి లేదు గదండీ" అని ఏదో అన్నాను. ఆయన వినడం లేదు. ఇంజనీర్లకు తెలిస్తే తన ఉద్యోగం పోతుందని ఆయన భయం. మధ్యాహ్నానికి సరంగును పనిలోంచి తీసేశారు. నాతో మాత్రం, "నిజం చెప్పావు, మంచిది. తీగ సరిచేసి పో," అన్నారు.

సరంగు ఒడ్డు మీద తన గుడిసెలో ట్రంకు పెట్టె సర్దుకుంటున్నాడు. గుమ్మంలో నిలబడ్డాను.

"తప్పు నాదని చెబుదామని పోయాను బాబాయ్."

"తప్పు నీదే," అన్నాడు. "లాంచీలో నా దగ్గర ఒప్పుకున్నావు. అక్కడికి అయిపోయింది. నిన్న ఆయన తిట్టాడు, నాకేం తగల్లేదు. తిట్లు రెండు రోజులుంటాయి, పోతాయి. నీ బరువు దించుకోవాలని తొందరపడ్డావు గానీ ఎవరి నెత్తిన దించుతున్నావో చూసుకున్నావా? నన్నడగాల్సింది."

ఉస్తాదు ఎనిమిదేళ్లలో నన్ను ఎన్నో తిట్లు తిట్టాడు. ఒక్కటీ ఇంత లోతు దిగలేదు.

లాంచీ దగ్గరికి పోయి తీగ విప్పి సరిగ్గా చుట్టాను. చీలిన బల్ల వడ్రంగి మార్చాడు. నదిలో వరద తీసింది. బుధవారం లారీలు నడిపే మనిషినొకణ్ని తెచ్చి చక్రం దగ్గర నిలబెట్టారు. కూలీలు మళ్లీ అవతలి ఒడ్డున పనికి పోవాలి. అందరూ రేవుకు వచ్చి నిలబడ్డారు గానీ ఒక్కరూ ఎక్కలేదు. నెరిసిన జుట్టావిడ సూపర్‌వైజరును అడిగింది.

"తాత ఏడి?"

"ఆయన లేడు. ఈయన నడుపుతాడు, ఎక్కండి."

"తాత రావాలె. రాకుంటే మేం ఎక్కం."

"ఆయన మిమ్మల్ని ముంచబోయాడు, తెలుసా మీకు? చక్రం తిరగబడిందని తెలిసీ మిమ్మల్ని ఎక్కించాడు."

"నాకెందుకు తెల్వదు," అంది ఆవిడ. "నేను గుమ్మంల కూసున్న గదా. చెయ్యి అడుగున పట్టి తిప్పుతుంటే చూసిన. పైన పట్టంగనే మానుకు గుద్దింది, అదీ చూసిన. నోరు ఇప్పలే. ఇప్పితే అందరు లేసి ఒకదిక్కు ఉరుకుతరు, పడవ బోర్ల పడ్తది. ఆయన రాకుంటే మేం నీళ్లల్లనే ఉంటుంటిమి. ఆయన్నే పిలువుండ్రి."

ఆ మాట విన్నప్పుడు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడా నిజం తెలిసే ఊరుకుంది, నేనూ తెలిసే ఊరుకున్నాను. రెండు ఊరుకోవడాలూ ఒకటి కావు.

రెండు రోజులు సూపర్‌వైజరు బెదిరించాడు, బతిమాలాడు. వాళ్లు కదల్లేదు. ఇసుక రాక కట్టుబడి పని వెనకబడింది. శుక్రవారం ఆయనే స్వయంగా జీపు తీసుకుని మాచర్ల సత్రానికి వెళ్లాడు. సరంగు అక్కడే ఉన్నాడు. వాన వల్ల రైళ్లు సరిగా తిరగక ఊరికి పోలేకపోయాడు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు షరతులు పెట్టాడట. ఇంజనుకు మనిషి లేకుండా లాంచీ కదలదు, ఆ మనిషి తాను చెప్పినవాడే కావాలి. ఎవరు కావాలని అడిగితే నన్ను చెప్పాడు. సూపర్‌వైజరుకే కాదు, నాకూ నమ్మకం కలగలేదు.

షెడ్డు వదిలి లాంచీలో చేరాను. మొదటిరోజు ఆయన నాతో మంచీ చెడ్డా ఏమీ మాట్లాడలేదు. కట్లు విప్పే ముందు నన్ను వెనక్కి పొమ్మన్నాడు. చక్రం తిప్పి, "ఎటు?" అని కేకేశాడు.

"కుడికి," అన్నాను.

"ఇప్పుడు?"

"ఎడమకి."

మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. మూడేళ్లకు పైగా ఆయనతో పనిచేశాను. ఒక్కరోజు కూడా ఆ రెండు కేకలు లేకుండా లాంచీ రేవు వదల్లేదు. మొదట్లో నాకది శిక్షలా ఉండేది. జనం వింటున్నారని సిగ్గుపడి మెల్లగా చెప్పేవాణ్ని. వినపళ్లేదు, మళ్లీ చెప్పు అనేవాడు. పోను పోను అది పనిలో భాగమైపోయింది. ఆదివారం నాటి సంగతి మాత్రం ఆయన మళ్లీ ఎత్తలేదు. ఒకసారి నేనే ఎత్తబోతే, "దిమ్మకు నూనె పోశావా?" అన్నాడు. నన్నే ఎందుకు కోరాడని అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఒకసారి తప్పు చేసినవాడు రెండోసారి చూసుకుంటాడు అనుకున్నాడేమో. లేకపోతే నన్ను కళ్లముందు ఉంచుకోవడమే మేలనుకున్నాడేమో.

మా అబ్బాయి పుట్టినప్పుడు ఎవరి చేతో అరటిపళ్ల గెల పంపాడు, తాను రాలేదు. నా భార్య ఆయన్ని భోజనానికి పిలవమని ప్రతి పండక్కీ చెప్పేది. ప్రతి పండక్కీ పిలిచేవాణ్ని. "చూద్దాంలే," అనేవాడు.

నదికి అడ్డంగా గోడ లేచి పని తగ్గుముఖం పట్టాక లాంచీని వేరే చోటికి తరలిస్తామన్నారు. సరంగు తాను రానని, ఊరికి పోతానని చెప్పాడు. కళ్లు నిజంగానే మసకబారాయి అప్పటికి. ట్రంకు పెట్టె నేను మోసుకుని బస్సు దాకా వెళ్లాను. బస్సు పైకి ఎక్కించి దిగాను. ఏదైనా చెబుతాడని కిటికీ పక్కన నిలబడ్డాను. నాకూ చెప్పాలని ఉంది.

"ఎడమ పక్క కప్పీ మళ్లీ పట్టేస్తున్నట్టుంది," అన్నాడు. "పొద్దున చక్రం బరువుగా తిరిగింది."

"రేపు చూస్తాను బాబాయ్."

"రేపు కాదు. ఇయ్యాళే విప్పు."

బస్సు కదిలింది. నేను రేవుకు వెళ్లి కప్పీ విప్పాను. లోపల గ్రీజు ఎండి బెరడు కట్టి ఉంది. కిరసనాయిలుతో కడిగి, కొత్తది పెట్టి, మళ్లీ బిగించాను.